చప్పట్ల దగ్గరే ఆగిపోయే గోల్కొండ

ఆదివారం ఉదయం పదకొండింటికి గోల్కొండ బాలాహిస్సార్ దర్వాజా దాటితే మొదట వినిపించేవి చప్పట్లే. గుమ్మటం కింద ఒక గైడు, ఆయన చుట్టూ పది పదిహేను మంది. ఆయన తలెత్తి పైకి చూపించి, ఒకసారి చప్పట్లు కొట్టి, ఈ శబ్దం కొండ మీద బారాదరి అనే దర్బారు మండపం దాకా వినిపిస్తుందని చెప్తాడు. ఆయన ముగించేలోపే వెనక ఇంకో గుంపు రెడీగా ఉంటుంది. దాని వెనక స్కూలు పిల్లలు. వాళ్లకు గైడుతో పనిలేదు, అందరూ ఒకేసారి మొదలుపెడతారు.

ఈ ఏర్పాటు చేసింది కాపలా కోసం. వచ్చింది అతిథో, శత్రువో కింది నుంచి పైకి కబురు చేర్చడానికి. కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు, ద్వారం నుంచి పైదాకా దూరం దాదాపు కిలోమీటరు. అది పనిచేయాలంటే కింద ఒకరు చప్పట్లు కొట్టాలి, పైన ఒకరు చెవి ఒగ్గి వినాలి. ఆదివారం కింద ఉన్నవాళ్లందరూ కొట్టేవాళ్లే. పైన ఉన్నవాళ్లు ఫొటోల్లో మునిగి ఉంటారు, వినేవాళ్లు ఎవరూ ఉండరు. అంటే గోల్కొండలో అన్నిటికంటే ఎక్కువ మంది చూసే వింత నిజానికి ఆ జనం మధ్య పనే చేయదు. పొద్దున తొమ్మిదింటికి గేటు తీసిన మొదటి అరగంటలో ఇద్దరు మనుషులు, ఒకరు కింద ఒకరు పైన, చేసి చూస్తే తప్ప దాని సంగతి తెలియదు. ఆ గుమ్మటం లోపలివైపు సున్నంతో వజ్రం చెక్కినట్టు పలకలు పలకలుగా మలిచారు. శబ్దం పైకి వెళ్లడానికి కారణం అదే అంటారు. చప్పట్లు కొట్టే హడావిడిలో ఆ పలకల వైపు తలెత్తి చూసేవాళ్లు చాలా తక్కువ.

పేరున్న ప్రతి చారిత్రక కట్టడం దగ్గరా ఇదే తంతు. జనం కోటనంతా నింపరు, కోటలో ఒక దారిని నింపుతారు. గోల్కొండలో ఆ దారి ద్వారం దగ్గర చప్పట్లతో మొదలై, సుమారు 360 మెట్లెక్కి, మధ్యలో రామదాసు బందీఖానా దగ్గర ఆగి, పైన బారాదరిలో సెల్ఫీతో ముగుస్తుంది. పదడుగులు పక్కకి జరిగితే మనిషి జాడ ఉండదు. కాబట్టి రద్దీకి భయపడి వెళ్లడం మానేయడం కంటే, ఆ దారి ఎలా ఏర్పడింది, ఏ వేళకు నిండుతుంది అని తెలుసుకుని వెళ్లడం లాభం.

నిండే వేళలకు లెక్క ఉంది. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. పెద్దవాళ్లకు గోల్కొండ, చార్మినార్ రెండింట్లోనూ 25 రూపాయలే. అదే విదేశీయులకైతే 300. నవంబరు నుంచి జనవరి దాకా వాతావరణం చల్లగా ఉంటుంది, స్కూళ్లు విహారయాత్రలు పెట్టేదీ అప్పుడే. పిల్లలకు ఉచితం కాబట్టి బస్సు ఖర్చు ఒక్కటి చూసుకుంటే చాలు. అందుకే డిసెంబరులో వారం మధ్య రోజుల్లో కూడా పదింటి నుంచి ఒంటిగంట దాకా కోటంతా యూనిఫాంలే. మధ్యాహ్నం తర్వాత బస్సులు తిరుగుముఖం పడతాయి. ఇంకోటి, టికెట్ ధర పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే, మంగళవారం ఎంతో ఆదివారమూ అంతే. సినిమాకీ విమానానికీ వేళను బట్టి ధర మారుతుంది, జనం సర్దుకుంటారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు కాబట్టి సెలవు ఉన్న రోజే అందరికీ మంచిరోజు. ఆషాఢంలో బోనాలు కోట మీది జగదాంబ గుడి నుంచే మొదలవుతాయి. ఆ రోజుల్లో కోట చూడటానికి వెళ్లినవాళ్లకు కోట కనిపించదు, బోనాలు చూడటానికి వెళ్లినవాళ్లకు మాత్రం అంతకంటే మంచి చోటు లేదు.

ఇక గైడు సంగతి. గుంపులన్నీ ఒకే దారిలో నడవడానికి సగం కారణం గైడు పనికి ఉన్న లెక్క. ఒక రౌండుకు ఇంత అని మాట్లాడుకుంటాడు. రౌండు ఎంత తొందరగా అయితే ఇంకో రౌండు దొరికే అవకాశం అంత ఎక్కువ. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, సీజన్ నాలుగు నెలలు, ఇల్లు గడవాల్సింది పన్నెండు నెలలు. కానీ ఆ లెక్కలో బతికేవి చిన్న కథలు, చేసి చూపించగలిగే వింతలు. చప్పట్లు అందుకే ఉన్నాయి. కోహినూరు కథ, గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం కథ కూడా అందుకే ఉన్నాయి. ఆ సొరంగం ఉందనడానికి గట్టి ఆధారం లేదు, అయినా ప్రతి రౌండులో అది ఉండాల్సిందే. వినేవాళ్లు అడుగుతారు మరి.

అడిగేదాన్ని మారిస్తే అదే గైడు చాలా చెప్పగలడు. ఉదాహరణకు నీళ్ల గురించి అడగాలి. అంత ఎత్తున రాజు, రాణివాసం, సైన్యం ఉండేవాళ్లంటే నీళ్లు ఎలా ఎక్కాయి? దారి పక్క గోడల్లో అక్కడక్కడా పెచ్చు ఊడిన చోట మట్టి గొట్టాలు బయటికి కనిపిస్తాయి, ఒకదాని మూతిలో ఇంకొకటి దూర్చి సున్నంతో అతికినవి. కింది తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకో పై తొట్టికి, పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా తోడి, ఈ గొట్టాల్లో మహళ్లకు వదిలేవాళ్లు. కోటకు నీళ్లిచ్చిన చెరువుల్లో దుర్గం చెరువు ఒకటి. ఇప్పుడు దాని మీద కేబుల్ వంతెన, చుట్టూ ఐటీ ఆఫీసులు. రోజూ ఆ వంతెన మీద ట్రాఫిక్‌లో నిలబడేవాళ్లలో ఆ నీళ్లు ఎక్కడికి వెళ్లేవో తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో.

మెట్ల దారిలోనే అంబర్ ఖానా అని ధాన్యపు కొట్టు ఉంది. 1642లో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో కట్టినట్టు నల్లరాతి శాసనం ఉంది. ఆయాసం తీర్చుకోవడానికి అక్కడ కూర్చునేవాళ్లే తప్ప చూసేవాళ్లు ఉండరు. 1687లో ఔరంగజేబు సైన్యం ఈ కోటను ఎనిమిది నెలలు ముట్టడించింది. అన్నాళ్లు లోపలివాళ్లు ఏం తిన్నారు అన్న ప్రశ్నకు అంబర్ ఖానా లాంటి కొట్లే జవాబు. చివరికి కోట గోడలు కూలలేదు, లోపలి మనిషే తలుపు తీశాడు. మొఘల్ సైన్యం గెలిచి వచ్చిన ద్వారమని చెప్పే ఫతే దర్వాజా టికెట్ కౌంటరుకు చాలా ముందే ఉంది. లంగర్‌హౌస్ వైపు నుంచి వచ్చే ఆటోలు, కార్లు దాని కిందనుంచే వెళ్తాయి. ఏనుగులు గుద్దకుండా తలుపులకు కొట్టిన ఇనుప మేకులు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి అడుగు దూరంలో హారన్ కొడుతూ, ఇంకా కోట రాలేదేంటని ఫోన్లో మ్యాప్ చూసుకునేవాళ్లు రోజూ కనిపిస్తారు. నిజానికి వాళ్లు అప్పటికే కోటలో ఉన్నారు. బయటి ప్రాకారం లోపల ఇళ్లు, మసీదులు, టిఫిన్ సెంటర్లు, స్కూళ్లతో ఒక ఊరే ఉంది. టికెట్ ఉన్నది ఆ కోటలో ఒక ముక్కకు మాత్రమే. ఉత్తరం వైపు నయా ఖిల్లాలో నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఆఫ్రికా బావోబాబ్ చెట్టుంది, ఏనుగంత లావు మొదలు. ఆ చెట్టు దగ్గర ఆదివారం కూడా తోపులాట ఉండదు.

చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. గోల్కొండ నుంచి జనాన్ని తీసేస్తే కోట బాగా కనిపిస్తుంది. చార్మినార్ నుంచి జనాన్ని తీసేస్తే మిగిలేది నాలుగు మినార్ల రాతి కట్టడం, అంతే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దాన్ని కట్టించిందే కొత్త నగరానికి నడిబొడ్డుగా, నాలుగు దిక్కులా నాలుగు బాటలు కలిసే చోట. ఆ బాటల్లో అంగళ్లు మొదటినుంచీ ఉన్నాయి. ఉత్తరాన నాలుగు కమాన్ల చార్‌కమాన్, వాటి మధ్యలో గుల్జార్ హౌజ్ అనే నీటి ఫౌంటెన్, పడమర లాడ్ బజార్. కాబట్టి "చార్మినార్ చుట్టూ అంతా కమర్షియల్ అయిపోయింది" అనే ఫిర్యాదు సగమే నిజం. బజారు లేకుండా చార్మినార్ ఎప్పుడూ లేదు. మారింది బజారులో దొరికే సరుకు.

ఆ తేడా లాడ్ బజార్‌లో పక్కపక్క షాపుల్లోనే కనిపిస్తుంది. ముందు వరసలో మెరిసే గాజుల్లో ఫ్యాక్టరీలో పోతపోసినవి ఎన్నో ఉంటాయి. వెనక గల్లీల్లో ఇప్పటికీ లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, చేత్తో తాడులా సాగదీసి, లోహపు కడియం చుట్టూ చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటి పొదుగుతారు. చల్లారితే రాయి కూర్చోదు, మరీ వేడిగా ఉంటే జారిపోతుంది. చూస్తుండగా చేసే పని కాబట్టి సైజు చెప్పి పది నిమిషాలు నిలబడితే చేతికి సరిపడా గాజు చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది వచ్చినంత మాత్రాన ముందు వరస షాపులో అమ్మేవన్నీ లక్కవి అయిపోవు. గాజు లోపలివైపు గోటితో కొంచెం గీరి చూడటం, బరువు చూడటం పాతబస్తీ ఆడవాళ్లకు తెలిసిన పద్ధతులు. బేరం ఆడటం ఎలాగూ తెలుసు.

డ్రైవరు "మా తెలిసిన ముత్యాల షాపు" అని పత్తర్‌గట్టీ వైపు తిప్పడం మాత్రం వేరే వ్యవహారం. అక్కడ చెల్లించే ధరలో డ్రైవరు వాటా కూడా కలిసి ఉంటుందనేది అందరికీ తెలిసిన రహస్యం. ముత్యాలు కొనాలనుకుంటే నడిచి వెళ్లి నాలుగు షాపులు తిరిగి కొనడం మేలు, కొనే ఉద్దేశం లేకపోతే ముందే ఆ ముక్క చెప్పేస్తే గంట కలిసొస్తుంది.

చార్మినార్‌ను రెండు వేళల్లో చూడాలి. కట్టడం కోసం పొద్దున ఆరింటికి. అప్పటికి షాపులు తెరవవు, తోపుడు బండ్లు రావు. ఒక్కో వైపు ఇరవై మీటర్లుండే ఆ కట్టడం ఎదుట నిలబడి, 1889లో పెట్టిన గడియారాలు, సున్నపు పనితనం, మినార్ల మీద ఆకుల నగిషీ ఎవరూ తోయకుండా చూడొచ్చు. దీనికి టికెట్ కూడా అక్కర్లేదు. పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఆ వేళకే సిద్ధం. బజారు కోసం చీకటిపడ్డాక. రంజాన్ నెలలో అయితే తెల్లవార్లూ. ఈ రెండింటి మధ్య, మధ్యాహ్నం ఎండలో టికెట్ కొని ఇరుకు మెట్ల మీద క్యూలో పైకెక్కి దిగడమే అందరూ చేసేది, అన్నిటికంటే తక్కువ దక్కేదీ అందులోనే. పైన మొదటి అంతస్తు దాకానే వదులుతారు. అక్కడి నుంచి నాలుగు బాటలు ఒకేసారి కనిపిస్తాయి, అది మాత్రం బాగుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం పక్కనే మక్కా మసీదులో నమాజు ఉంటుంది కాబట్టి ఆ రెండు గంటలు అటు బండి తీసుకెళ్లకపోవడం అందరికీ మంచిది.

వ్యాపారాన్ని మొత్తంగా ఎత్తేస్తే ఏమవుతుందో హంపీలో చూడొచ్చు. విరూపాక్ష గుడి ఎదురుగా ముప్పావు కిలోమీటరు పొడవున రెండు వరసల రాతి మండపాలున్నాయి. విజయనగర కాలంలో అది అంగడి వీధి. తర్వాతి రోజుల్లో ఆ మండపాల్లో కుటుంబాలు చేరాయి, హోటళ్లు, కిరాణా కొట్లు, గదులు వెలిశాయి. 2011 జూలైలో వాటిని బుల్డోజర్లతో ఖాళీ చేయించారు, వందల మంది నిలువనీడ పోగొట్టుకున్నారు. కట్టడానికి అతికించిన సిమెంటు, ఇనుప రేకులు పోయాయి, అది నిజమే. రాతి స్తంభాలు మళ్లీ కనిపిస్తున్నాయి. కానీ అంగడి వీధి అని పేరున్న చోట ఇప్పుడు అంగడి లేదు. ఫొటోకి బాగుంటుంది. మండపానికి హాని చేసే కట్టుబడిని ఆపడం ఒకటి, మండపంలో కూర్చుని పూలు అమ్ముకునే మనిషిని తరమడం ఇంకొకటి. రెండూ ఒకటే అన్నట్టు చేయడం వల్ల వచ్చిన ఫలితం అది.

ఒకే వింత చుట్టూ జనం మూగడానికి లేపాక్షిని మించిన ఉదాహరణ తెలుగునేల మీద దొరకదు. వీరభద్రాలయంలో డెబ్బై దాకా స్తంభాలున్నాయి. వాటిలో ఒకటి నేలకు పూర్తిగా ఆనదు. అందరూ దాని కిందనుంచి తువ్వాలు, చున్నీ, ఖర్చీఫు, చివరికి న్యూస్‌పేపరు దూర్చి రెండో వైపు లాగుతారు. ఒకరు వంగి లాగుతుంటే ఒకరు వీడియో తీస్తారు. పావుగంట క్యూ. ఆ పావుగంటా వాళ్ల తలల మీదే, అదే మండపం కప్పు మీద, పదహారో శతాబ్దపు రంగుల బొమ్మలు ఉంటాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, రకరకాల అంచుల చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డ ఆడవాళ్లు. విజయనగర కాలపు చిత్రాలు ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు చాలా అరుదు. స్తంభాన్ని చూడొద్దని కాదు, పిల్లలకు అది సరదా. కానీ చున్నీ లాగడం అయ్యాక నేల చల్లగా ఉన్న చోట వెల్లకిలా పడుకుని పది నిమిషాలు కప్పు చూస్తే, అంతదూరం వచ్చినందుకు అసలు ఫలం అది. మెడ నొప్పీ ఉండదు.

ప్రభుత్వాలు రద్దీని తామే తగ్గించాలనుకున్నప్పుడు ఏం చేస్తాయో తాజ్‌మహల్ దగ్గర కనిపిస్తుంది. 2018 ఏప్రిల్‌లో టికెట్‌కు మూడు గంటల గడువు పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో ప్రధాన సమాధి మందిరం లోపలికి వెళ్లాలంటే మామూలు 50 రూపాయల టికెట్ మీద ఇంకో 200 పెట్టారు. నలుగురి కుటుంబానికి ఆ తేడా పెద్దదే కాబట్టి, మొదటిసారి వచ్చినవాళ్లు కూడా బయటినుంచే చూసి వెళ్లడం మొదలుపెట్టారు. పాలరాతి మీద పాదాల ఒత్తిడి తగ్గించాలన్న ఉద్దేశం సబబైనదే. కానీ డబ్బుతో వడపోస్తే ఎవరు బయట ఉండిపోతారో చెప్పనక్కర్లేదు. మన వైపు నుంచి ఢిల్లీ యాత్రకు వెళ్లే ప్యాకేజీల్లో ఆగ్రా ఒక పూట మాత్రమే, అది శుక్రవారం పడిందో, తాజ్‌కు సెలవు. బుకింగ్ చేసేటప్పుడు చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే. యమున అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్ ఉంది, సాయంత్రం అక్కణ్నుంచి నదితో సహా తాజ్ కనిపిస్తుంది, టికెట్ కొద్దిపాటిది.

ఇంతకీ ప్యాకేజీ బస్సు మంచిదా, సొంతంగా తిరగడం మంచిదా? పెద్దవాళ్లు, ఊరు కొత్త, చేతిలో ఒక్కటే రోజు అయితే బస్సు మంచిదే, అందులో నామోషీ ఏమీ లేదు. బండి పార్కింగ్ టెన్షన్ ఒక్కటి తప్పినా చాలు. కానీ చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, గోల్కొండ ఒకే రోజులో అంటే ఒక్కోదానికి దక్కేది గంటకు అటూ ఇటూ. అదీ ఇంకో నాలుగు బస్సులు ఆగిన గంటే. సాలార్‌జంగ్‌లో దీన్ని కళ్లారా చూడొచ్చు. అక్కడి గంటల గడియారంలో గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు గడ్డం ఉన్న చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, సరిగ్గా వేళకు గంట మోగించి లోపలికి వెళ్తాడు. పన్నెండింటికి పన్నెండు కొడతాడు కాబట్టి పదకొండున్నర నుంచే కుర్చీలన్నీ నిండిపోతాయి. మ్యూజియం జనమంతా ఆ ఒక్క ముంగిట్లో ఉన్న ఆ వేళ ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ దగ్గర ఎవరూ ఉండరు. రాతిలో చెక్కిన పల్చటి ముసుగు వెనక ముఖం కనిపించే ఆ పనితనాన్ని తీరిగ్గా చూసి, బొమ్మ మనిషి కోసం ఒంటిగంటకు వస్తే ముందు వరసలో కుర్చీ దొరుకుతుంది. ఒక్క దెబ్బే కొడతాడు, అయినా అదే మనిషి.

గోల్కొండకు పూట మొత్తం కేటాయించగలిగినవాళ్లకు క్రమం ఇలా కుదురుతుంది. తొమ్మిదింటికి లోపలికి, చప్పట్లు, ఎండ ముదరకముందే పైకి. దిగాక నీడ ఉన్న రాణీమహల్ ప్రాంగణం. మధ్యాహ్నం వచ్చేవాళ్లైతే తిరగేసి, ముందు కింద చూసుకుని నాలుగు తర్వాత మెట్లెక్కాలి, ఐదున్నరకు కాపలావాళ్ల ఈలలు మొదలవుతాయని గుర్తుపెట్టుకుని. ఆ మిగిలిన సగం పూట కిలోమీటరు పైచిలుకు దూరంలోని కుతుబ్‌షాహీ సమాధులకు. 2013 నుంచి 2024 దాకా ఆగా ఖాన్ ట్రస్టు సాయంతో వాటిని బాగుచేశారు, కూలిన మెట్లబావులతో సహా. కోటకు వచ్చినవాళ్లలో చాలామంది అక్కడికి రారు. మహమ్మద్ కులీ సమాధి 42 మీటర్లు, చార్మినార్ కట్టించిన మనిషి అక్కడ ఉన్నాడు.

చివరి పాదుషా అబుల్ హసన్ తానీషా మాత్రం అక్కడ లేడు. కోటలో తెలుగువాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టుకునే చీకటి గది, గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడి చిన్న బొమ్మలున్న ఆ బందీఖానా, ఆయన హయాంలోదే. భద్రాచలం గుడికి శిస్తు సొమ్ము ఖర్చుపెట్టినందుకు పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్నను అందులో పన్నెండేళ్లు ఉంచారని మన పెద్దలు చెప్తారు. గైడు కథ అక్కడితో ఆపి మెట్ల వైపు తిరుగుతాడు. 1687లో కోట పోయాక తానీషాను ఔరంగజేబు దౌలతాబాద్ కోటలో పెట్టాడు. ఆయనా అక్కడ దాదాపు పన్నెండేళ్లు బందీగానే ఉండి, బందీగానే పోయాడు.